కాకులగుట్టమీది ఎఱ్ఱదీపము

వైశాఖమాసమున మూడవ జాము గడచి, దినమంతయు నిప్పులు చెఱగిన భానుడు పడమటి కొండలవైపు మెల్లగా వాలుచుండ, నల్లని బండలును బీటలువారిన చేలును ముండ్లతుమ్మలును దప్ప వేఱొకటి కంటికి గానరాని యా మెట్టభూమిపై వడగాలి తన తుది యూర్పులను విడుచుచుండెను. పక్షికూజితము లేదు. పసుల మెడగంటల సవ్వడి లేదు. తారు కరగి మిలమిలలాడుచున్న మార్గమున నొక బస్సు వచ్చి, మలుపున నిలిచి, యొక వృద్ధుని దింపి, యా నిశ్శబ్దమును మరల నతనికే యప్పగించి వెడలిపోయెను.

ఆ వృద్ధుని పేరు అహోబలరావు. ముప్పది యేండ్లు కళాశాలలో భూగోళశాస్త్రము బోధించి విరమించిన యతడు, రాష్ట్రమందలి పల్లెపల్లెకు దిరిగి సెల్ టవర్లు ఎక్కడెక్కడ నున్నవో పటమున గుర్తించు పనికి గుదిరెను. భార్య సువర్చల గతించిన పిమ్మట శూన్యగృహమున గోడగడియారపు చప్పుడు వినుచు గూర్చుండుటకంటె నీ సంచారమే యతనికి మఱింత హితమాయెను. కిటికీప్రక్క చోటు విడిచి జరిగి కూర్చున్న తోటి ప్రయాణికురాలిని, బాటసారులకై యెవరో చెట్టుకొమ్మకు గట్టిపోయిన నీటికుండను దినాంతమున దలచుకొనిగాని యతడు నిద్రింపడు.

ప్రతి టవరు మొదటను నిలిచి, కంచెకు గట్టిన పలకమీది సంఖ్య వ్రాసికొని, పట్టికలో ‘స్వయముగా జూచితిని’ అను గడిలో సంతకము చేయుట యా పనికి నియమము. అయితే కొండలెక్క నోపనివారు సంధ్యవేళ బాటపైననే నిలిచి, టవరు కొనయందలి యెఱ్ఱదీపమును జూచి, పటముపై చుక్క పెట్టి, యా గడిలోనే సంతకము చేయుటయు గలదు. అహోబలరావు వందలకొలది టవర్ల మొదళ్లను ద్రొక్కెను. ఒక్కదానిని మాత్రము ద్రొక్కలేదు. అది కాకులగుట్టమీది టవరు.

మూడు వత్సరములకు బూర్వము ఇట్టి వైశాఖసంధ్యయందే యతడీ మలుపున నిలిచెను. పట్టణపు వైద్యశాలలో సువర్చలకు శ్వాస యాడుట లేదని యంతకు ముందే కబురందెను. తుది బస్సు వచ్చుచుండెను. గుట్టకొనను ఎఱ్ఱని దీపము వెలుగుచుండుట కన్నులార గాంచి, చుక్కపెట్టి, సంతకము చేసి, యతడు బస్సెక్కెను. ఎక్కినందున నొక్క గంటకాలము భార్య చేతిని తన చేతిలో నుంచుకొన గలిగెను. ఆమె యతనిని గుర్తించి, ‘అన్నము తింటివా’ యని యడిగి, కన్నుమూసెను. ఆ గంటయే యతని శేషజీవితమునకు జల్లని నీడ. ఇప్పుడు పాతపటమును సరిచూచుటకై కార్యాలయమువారు మరల నతనినే పంపిరి.

మలుపునందలి టీకొట్టు యజమాని మద్దిలేటి గాజుగ్లాసు కడుగుచు నతనిని గాంచి నవ్వెను.

“మా టవర్ చూసేకి వచ్చినారా సార్? బాగా చూడండి. చూసేవానికే గానీ మాట్లాడేవానికి పనికిరాదు అది.”

“సిగ్నల్ రాదా?”

“సిగ్నలా! మా ఊర్లో పెండ్లికూతురన్నా తొందరగా వస్తాదేమో గానీ అది రాదు. దాని పేరే కాగితం టవర్. ఎక్కి చూడండి, మీకే తెలుస్తాది.”

ఆ నవ్వునందు వేళాకోళమే కాక యేదో జంకును గలదని యతనికి దోచెను. గ్లాసెడు నీరు త్రాగి, పడమటి యెండ కన్నుల గొట్టుటచే గుట్టకొన కానరాకున్నను, బండలనడుమ మేకలు మలచిన కాలిబాట బట్టి యతడు గుట్ట నెక్కసాగెను. ఎక్కుకొలది గాలి యుడిగెను. పేరున గాకులున్నను గుట్టపై నొక్క కాకియు లేదు. తన యడుగుల చప్పుడు తనకంటె నొక క్షణము ముందుగా వినబడుచున్నట్లు తోచి యతడు రెండుమార్లు నిలిచెను. నిలిచినపుడెల్ల నదియు నిలిచెను.

శిఖరమున టవరు లేదు. ఉండిన జాడయు లేదు. ఇనుపకాళ్లు పాతిన గుంటలు లేవు, కంచె లేదు, త్రెగిన తీగముక్కయైనను లేదు. చేతిలోని ఫోను ప్రాణములేని పలకవలె నుండెను. పటముపై దాను చుక్కపెట్టిన చోటును, తావు జూపు చేతియంత్రముతో వెదకుచు నడచి, సరిగా నా స్థానమున నతడు చూచినది రాళ్లు పేర్చి నిలిపిన యొక పొడవైన వెదురుగడ. దాని కొనను ఎఱ్ఱగుడ్డ చుట్టిన లాంతరు.

“ఎవురు సామీ?”

అతడు త్రుళ్లిపడెను. చేత నూనెసీసాయు ముడివేసిన కొంగును గల యొక ముదుసలి బండచాటునుండి వచ్చెను.

“టవర్లు రాసుకునేవాణ్ణమ్మా. ఈ దీపం ఎవరిది?”

“నాదే. నా పేరు సుంకులమ్మ. దిగువ చిన్నగుండ్లపల్లె మాది. కూచో సామీ, మొగం వాడిపోయింది.” కొంగుముడి విప్పి, దోసకాయముక్క నతని చేతిలో బెట్టి, యామె బండపై జదికిలబడెను. “రెండేండ్ల కింద మా ఇంటాయన్ను పాము కరిచ్చె. నూటెనిమిదికి చెయ్యాలంటే ఫోను పలకల్య. మంచంమీద ఏసుకొని రోడ్డుకాడికి మోస్తిమి. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒకే మాట చెప్పింది. గంట ముందు తెచ్చింటే బతుకుతాండె అని.”

అహోబలరావు చేతిలోని ముక్క నోటికి బోలేదు.

“మళ్ల ఊరంతా కలిసి అర్జీ పెడితిమి, టవర్ ఈండని. జవాబు వచ్చె. మీ గుట్టమీద టవర్ ఉండాది, ఆఫీసరు సొంతంగా చూసి సంతకం చేసినాడు అని. ఊర్లో అందరూ నగినారు. నాకు నగు రాల్య. కాగితంలో ఉండే టవర్‌కు దీపమన్నా ఉండాల గదా అని ఈడ పెట్టినా. ఆ సంతకం చేసినాయన మళ్ల ఈ దోవన పోతే దీపం చూసి ఎక్కి వస్తాడని.”

“ఈ దీపం... అర్జీకి జవాబు వచ్చినాక పెట్టినావా? అంతకుముందు ఇక్కడ ఏమీ లేదా?”

“ఏముంటాది సామీ? బండలే.”

మూడేండ్ల క్రిందట నా మలుపున దాను గన్నది యీ దీపమే; ఎఱ్ఱదనమదే, యెత్తదే. తన్ను బిలుచుటకై పెట్టిన దీపము, పెట్టకమునుపే తనకు గనబడెను; కనబడినందుననే పెట్టవలసివచ్చెను. ఈ చిక్కుముడికి గొన యెందున్నదో యతని భూగోళశాస్త్రము చెప్పజాలకుండెను.

‘గాలివానకు గూలినది’ యని వ్రాసినచో నెవరును బ్రశ్నింపరు. ఈ ముదుసలికిని తా నెవ్వడో తెలియదు. కలము తీసి ‘గా’ యని యొక యక్షరము వ్రాసెను. అప్పుడు సువర్చల చేతి వెచ్చదనము తన యఱచేత దోచెను. ఆ గంట తనకు దక్కినది. ఇచ్చట నొక గంట చాలక యొకడు పోయెను. అతడా యక్షరమును గొట్టివైచెను.

“అమ్మా! ఆ సంతకం చేసినవాణ్ణి నేనే. ఎక్కి చూడలేదు. ఆ రోజు మా ఇంటిదానికి ప్రాణం పోతాంది. బస్సుకోసం పరిగెత్తినాను.”

సుంకులమ్మ నూనెసీసాను బండపై బెట్టి యతని మొగము చూచెను. అడిగినది ఒక్కటే.

“అందుకున్యావా?”

“అందుకున్నానమ్మా. గంటసేపు.”

“ఒకరికన్నా దక్కింది,” అని యామె లేచి, గడను వంచి, లాంతరు విప్పుకొనెను. “నువ్వు వస్తివి గదా. ఇంగ దీనితో పనిల్య. పా సామీ, చీకటి పడితే దిగల్యావు.”

వెలిగింపని లాంతరు చేతబట్టి యామె ముందును, నామె యడుగుజాడలలో నతడును దిగిరి. మలుపు చేరునప్పటికి సూర్యుడు గ్రుంకి, యాకసమున నూదారంగు క్రమ్ముకొనుచుండెను. మద్దిలేటి కొట్టు బల్లపై గూర్చుండి యతడు పట్టిక విప్పి, ‘కాకులగుట్టపై టవరు లేదు. ఎన్నడును లేదు. పూర్వము చూచితినని వ్రాసినది యసత్యము. వ్రాసినవాడను నేనే’ యని వ్రాసెను. ఈ వాక్యముతో దన యుద్యోగము తీరునని యెఱుగును. సంతకము చేయబోవుచు నొకమారు తలయెత్తి గుట్టవైపు చూచెను.

కొనను ఎఱ్ఱనిదీపము వెలుగుచుండెను.

మద్దిలేటియు గ్లాసు చేతబట్టి గుట్టవైపే చూచుచుండెను. ప్రక్కను సుంకులమ్మ చేతిలోని లాంతరు నల్లగా, జల్లగా నుండెను.

“అమ్మా, నీకూ కనపడుతోందా?”

ఆమె కొంగు తలపైకి లాగుకొని, యా వెలుగునే చూచుచు, బిడ్డకు బలపము పట్టించునట్లు మెల్లగా బలికెను.

“కనపడతాండాది. దీపం ఉండాది సామీ, టవర్ లేదు. అట్లే రాయి.”

కన్ను చూచినదెల్ల నున్నదని వ్రాసిన చేయియే, యా సంధ్యవేళ, కన్ను చూచుచుండగనే లేదని వ్రాసి సంతకము చేసెను. కలము మూసిన పిదప నతడు గుట్టవైపు మరల జూడలేదు. తుది బస్సు వచ్చి వెడలిపోయినను ఎక్కలేదు. సుంకులమ్మ యింటికి బోయి తెచ్చియిడిన సంగటి ముద్దను ఇద్దరును ఆ బల్లపైననే కూర్చుండి తినిరి.