మొద్దు అంచు

శనివారం పదకొండు గంటలకు హిల్కా దుకాణంలో సైమీ రెండు స్నోబోర్డులను నేల మీద పక్కపక్కన పెట్టింది. మర్నాడు కొండ మీద ఎంపిక పోటీ. జట్టులో మిగిలింది ఒక్క చోటు. పన్నెండు మీటర్ల ఇనప రెయిలు, రెండు చోట్ల వంగి కిందికి దిగుతుంది. దాని మీద చివరిదాకా జారాలి. అవకాశాలు మూడు. నిరుడు మార్చిలో ఆ రెయిలు మొదటి వంపు దగ్గరే సైమీ మణికట్టు విరిగింది. ఇరవై మూడేళ్లు నిండితే జట్టులోకి తీసుకోరు. వచ్చే మేలో ఆమెకు ఇరవై మూడు నిండుతాయి.

ఒక బోర్డు నూట యాభై నాలుగు సెంటీమీటర్లు, బిర్రుగా ఉంది. రెండోది నూట నలభై నాలుగు, వంగుతుంది.

తండ్రి తానెలి పొడుగుదాన్ని పట్టుకున్నాడు. ఒకప్పుడు ఆయన ఇరవై ఏళ్లు స్కీ పందేల్లో దిగాడు.

"ఇది తీసుకో తల్లీ. ఎంత వేగంలోనూ వణకదు."

"రెయిలు మీద వేగం ఎక్కడిది నాన్నా?"

"రెండోది బోర్డేనా? తడిసిన అట్టలా వంగుతోంది."

"నీ మోకాళ్లకంటే నయమేలే తానెలీ," అంది హిల్కా బల్ల వెనక నుంచి.

దుకాణం మూలన తివాచీ చుట్టిన దూలం ఉంది. సైమీ బూట్లు బిగించి దాని మీద పొడుగు బోర్డుతో నిలబడింది. బరువంతా ముందు కాలి మీద వేసింది. బోర్డు వెనక కొస, తోక, లేవలేదు; వంపుల్లో అది లేవాలి. పొట్టి బోర్డుతో అదే చేసింది. తోక జానెడు లేచింది. పది లెక్కపెట్టేదాకా అలాగే నిలబడింది.

"ఇదే అక్కా."

"పొట్టిది. కాస్త వెనక్కి వాలావంటే కూలేస్తుంది. తెలుసుగా?"

"తెలుసు."

హిల్కా ఆకురాయి తీసింది. బోర్డు మీద పాదాలు ఉండే చోట, రెండు కొసల దగ్గర దాని ఉక్కు అంచును రుద్ది మొద్దు చేసింది. పదునుగా ఉంటే రెయిలు మీది గీతల్లో పట్టేస్తుంది. తానెలి కిటికీవైపు తిరిగాడు.

"కొత్త కత్తిని బండకేసి రుద్దినట్టుంది," అన్నాడు.

సాయంత్రం, బాగా జారేందుకు మైనం పూస్తానని ఆయన బోర్డును ఇంట్లో ఆవిరిస్నానం చేసే సావునా పక్క గదిలోకి తీసుకెళ్లాడు. రెండు గంటల తర్వాత సంచిలో పెట్టి జిప్పు వేశాడు.

ఆదివారం మొదటి జారు. మొదటి వంపు దగ్గర బోర్డు ఆగింది, సైమీ ఆగలేదు. మంచు మీద పక్కకు పడింది. మణికట్టు తిప్పి చూసుకుంది. బాగానే ఉంది. చిటికెన వేలి గోరును అంచు మీద అడ్డంగా లాగింది. గోరు తెగి తెల్లటి పొడి రాలింది.

తండ్రి నిలబడి చూస్తున్న కంచె దగ్గరికి వెళ్లింది.

"నాన్నా, అంచులకు పదును పెట్టావా?"

తానెలి కాఫీ కప్పు కింద పెట్టాడు. "కొండంతా గట్టి మంచు. పట్టు లేకపోతే పడిపోతావని..."

"ఒక్క మాట చెప్పొద్దూ?"

"చెబితే ఒప్పుకుంటావా? పాత బోర్డు కార్లో ఉంది, తెస్తానుండు."

"వద్దు. నేను ఎంచుకున్నది ఇది. ఆకురాయి ఉందా?"

ఉంది. పందెం రోజున ఆకురాయి లేకుండా తానెలి ఎన్నడూ ఇల్లు కదల్లేదు. కోటు లోపలి జేబులోంచి తీసి ఆమెవైపు చాపాడు. సైమీ తీసుకోలేదు.

"పదును పెట్టింది నువ్వేగా. నువ్వే తియ్యి."

ఆయన మంచులో మోకాళ్ల మీద కూర్చున్నాడు. బోర్డు మీద ఒక్కో పాదం ఉండే చోట అంచును ఇరవైసార్లు రుద్దాడు. గోరు పెట్టి చూశాడు.

"తెగడం లేదు."

"కొసల దగ్గర?"

కొసలు కూడా రుద్దాడు.

రెండో జారు. బోర్డు మొదటి వంపు దాటింది. రెండో వంపులో సైమీ వెనక్కి వాలింది. కూలింది. ఈసారి గోరు పెట్టి చూసుకోలేదు. తప్పు తనదేనని ఆమెకు తెలుసు.

లేచి, పైకి లాగే తాడు పట్టుకుంది. చేతి తొడుగు అరచేతి దగ్గర అరిగి చిల్లు పడింది. కొండెక్కేదాకా ఎవరివైపూ చూడలేదు.

మూడో జారు. మొదటి వంపు. రెండో వంపులో బరువు ముందు కాలి మీదికి తెచ్చింది, దుకాణంలో దూలం మీద తెచ్చినట్టే. తోక లేచింది. రెయిలు అయిపోయింది. దిగేటప్పుడు ఒక చెయ్యి మంచుకు తగిలింది. పడలేదు.

రెండు గంటలకు పేరు చదివారు. సైమీ పేరే.

తానెలి ఆమె బోర్డును సంచిలో పెట్టాడు.

"ఇంటికెళ్లాక మైనం పూస్తాను," అన్నాడు.

"పుయ్యి. ఆకురాయి మాత్రం ఇటివ్వు."

ఆయన కోటు జేబులో చెయ్యి పెట్టాడు. కాసేపు తియ్యలేదు. తర్వాత తీసి ఆమె చేతిలో పెట్టాడు.