గుండ్రటి సూదులు

మిషనక్క అనే పేరు ఆమె పెట్టుకున్నది కాదు, చదివేవాళ్ళు పెట్టింది. పద్నాలుగేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కుట్టి కుట్టి నడుం పోగొట్టుకున్న మనిషి. ఇంకో ఏడాది ఆ బల్ల ముందు కూర్చుంటే మంచం ఎక్కాల్సిందేనని డాక్టరు తెగేసి చెప్పాక, ఇంటిపట్టున ఉండి కుట్టుమిషన్ల గురించి ఇంటర్నెట్‌లో రాయడం మొదలుపెట్టింది. ఏది పదేళ్ళు ఆడుతుంది, ఏది మూడు నెలల్లో మూలపడుతుంది, అన్నీ ముక్కుసూటిగా. ఆమె పేజీలో లింకు నొక్కి ఎవరైనా మిషను కొంటే కంపెనీ ఆమెకు కమీషను ఇస్తుంది. అంతే వ్యాపారం. చెత్తను చెత్త అని రాసి బతుకుదామనుకునే మనిషి ఈ లోకంలో ఎన్నాళ్ళు నెగ్గుకొస్తుందో నన్నడక్కండి గానీ, ఆమె మాత్రం ఐదేళ్ళు నెగ్గుకొచ్చింది.

కమీషను పడేదాకా కొన్నట్టు నటించి, ఆనక సరుకు తిప్పి పంపేసే దొంగ అమ్మకాలు పట్టుకోవడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఇదే పని చేసేవాళ్ళు, అందులోనూ ప్రెషర్ కుక్కర్ల గురించి రాసే ఒక రిటైరైన మాస్టారు, తమ అమ్మకాల పట్టీలు పంపి, కంపెనీ పట్టుకుని ఖాతా మూసేయకముందే ఇందులో దొంగవేవో కాస్త చూసిపెట్టమని అడిగేవారు. ఆమె దగ్గర ఎవరి పప్పులూ ఉడికేవి కావు. నిజంగా మిషను కొనే మనిషి నిమిషంలో కొనదు. చూస్తుంది, మూసేస్తుంది, ఇంట్లో అడుగుతుంది, రెండ్రోజులాగి మళ్ళీ వస్తుంది. లోపాలు రాసిన పేజీ రెండుసార్లు చదువుతుంది. తీరా కొన్నప్పుడు ఒక సూదుల ప్యాకెట్టు కూడా వేసుకుంటుంది, మిషనుతో వచ్చే సూది వారంలో విరుగుతుందని మిషనక్క చెప్పింది కాబట్టి. దొంగకు ఈ తాపత్రయమంతా ఎందుకు? నొక్కుతాడు, కొంటాడు, పోతాడు.

మాస్టారు పోరగా పోరగా ఈ గుర్తులన్నీ కలిపి ఒక పాఠంగా తయారుచేసింది. ఆమె చెప్పింది, భర్త టైపు చేశాడు. నడుం వల్ల ఆమె కీబోర్డు ముందు ఎక్కువసేపు కూర్చోలేదు. ఆమె గోడకు ఆనుకుని నిలబడి చెప్పడం, ఆయన కొట్టడం ఆ ఇంట్లో ఎప్పటినుంచో అలవాటు. ఆయనకు కొరియర్ ఆఫీసులో, కొన్నవాళ్ళు తిప్పి పంపే పార్శిళ్ళు తీసుకునే కౌంటర్లో ఉద్యోగం. సాయంత్రం రాగానే, గుమాస్తా సిద్ధం మేడం గారూ అంటూ వేళ్ళు విరుచుకునేవాడు.

ఆ పాఠంలో ఒక పొరపాటు దొర్లింది. ఇంట్లో వాడే మిషనుకు పైన ఒక పక్క చదునుగా ఉండే సూది పడుతుంది. ఫ్యాక్టరీ మిషనుకు గుండ్రటిది. పద్నాలుగేళ్ళ అలవాటుకొద్దీ ఆమె నోట గుండ్రటి సూది అని వచ్చేసింది, ఆయన అదే కొట్టాడు. మర్నాడు మాస్టారుకు పంపబోతూ చూసుకుని నాలుక కరుచుకుంది. తన కాపీలో గప్‌చిప్‌గా దిద్దేసింది. ఇన్నేళ్ళు కుట్టిన మనిషి సూది పేరు తప్పు చెప్పిందంటే ఎంత నామోషీ! కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. ఆయన ఫోన్లో పాత కాపీ అలాగే ఉండిపోయింది.

కిందటేడాది చివర్లో అమ్మకాలు పడిపోయాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ప్రతి మిషన్నీ ఆకాశానికెత్తేస్తుంటే ఈమె లోపాలు ఎవడికి కావాలి? వారం రోజులు ఆమెకు ముద్ద దిగలేదు. ఎనిమిదో రోజున, మళ్ళీ ఫ్యాక్టరీకే పోతానని, సూపర్‌వైజరుతో మాట్లాడానని మొగుడితో చెప్పింది.

ఆ తర్వాత నెల నుంచే దశ తిరిగింది. నెలకు ఏడెనిమిది దాటని అమ్మకాలు ముప్పై అయ్యాయి, నలభై అయ్యాయి. ఆమె తనిఖీ చెయ్యకుండా ఉంటుందా? చేసింది. అందరూ ఆగి కొన్నారు, అందరూ లోపాల పేజీ చదివారు, అందరూ సూదులు కొన్నారు. ఇంకేం, అచ్చమైన అమ్మకాలే. ఇక మనిషి నేల మీద నడిస్తే ఒట్టు. నిజం రాస్తే జనం ఎప్పటికైనా వెతుక్కుంటూ వస్తారని, మీరూ ఆ కుక్కర్లను పొగడడం మానెయ్యండని మాస్టారుకు ఒక పూటంతా క్లాసు పీకింది. పాపం, పెద్దమనిషి ఓపిగ్గా విన్నాడు.

నాలుగు నెలలు గడిచాక ఒక సోమవారం పొద్దున కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. కమీషను ముప్పయ్యో రోజున పడుతుంది, మిషను తిప్పి పంపడానికి నలభై ఐదు రోజుల గడువుంటుంది. మీ ద్వారా అమ్ముడైన వాటిలో చాలా మిషన్లు సరిగ్గా ఆ మధ్య పదిహేను రోజుల్లో, పెట్టె కూడా విప్పకుండా తిరిగొచ్చాయి. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే మీ ఖాతా మూసేస్తాం. ఇదీ సారాంశం.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నన్నా వీళ్ళు అనేది, అని నడుంపట్టీ బిగించుకుని పట్టీలన్నీ ముందేసుకుంది. ఎంత వెతికినా తప్పు దొరకలేదు, చివరికి ఆ దొరక్కపోవడమే గుచ్చుకుంది. మనుషులన్నాక ఒకరు రెండ్రోజులు ఆగుతారు, ఇంకొకరు పది రోజులు నానుస్తారు. వీళ్ళలో చాలామంది సరిగ్గా రెండ్రోజులే ఆగారు. లోపాల పేజీ సరిగ్గా రెండుసార్లే తెరిచారు. ఎవరో పాఠం అప్పజెప్పినట్టే ఉంది.

ఇన్నాళ్ళూ సూదుల ప్యాకెట్టు అన్న మాట చూసి తృప్తిపడిందే తప్ప, ఏ సూదులో ఆమె చూడలేదు. ఇప్పుడు చూసింది. గుండ్రటివి. కిందది, గుండ్రటివి. దాని కిందది, గుండ్రటివి. ఇంటి మిషనుకు గుండ్రటి సూది కొనమని ఆమె పేజీలో ఎక్కడా లేదు. ఆ మాట ఉన్నది ఒకే ఒక్క కాపీలో.

చదును సూదులు కొన్నవాళ్ళను విడిగా ఏరింది. నాలుగు నెలల్లో నూట ముప్పై మందిలో పంతొమ్మిది మంది తేలారు.

సాయంత్రం ఆయన చెప్పులు విప్పుతుండగానే, ఫోన్లో ఆ పాఠం తెరవమంది. తెరిచాడు. సూదుల దగ్గర చదవమంది. చదివాడు. తర్వాత ఆమె ముఖంలోకి చూశాడు. చేసేదేముంది, కక్కాడు. కొన్నది స్నేహితులు, ఆఫీసువాళ్ళు, వరసకు బావమరదులు. పార్శిళ్ళు ఆయన కౌంటరు వెనక అరల్లోనే పడి ఉండేవి, ముప్పై రోజులు దాటగానే చెడిపోయిందని చీటీ అంటించి తిప్పి పంపేవాడు. ఎవరికీ నష్టం లేదు కదా అన్నాడు.

"నువ్వు మళ్ళీ ఫ్యాక్టరీకి పోతానంటే నన్నేం చెయ్యమంటావ్? నువ్వు మంచాన పడితే చూస్తూ కూర్చోవాలా?"

"నన్ను కాపాడ్డానికి నా నోట్లోనే మన్ను కొట్టారా?"

"ఆ నాలుగు నెలలూ ఎంత నవ్వావో నీకు తెలీదు."

"ఎవర్ని చూసుకుని నవ్వానండీ? వాళ్ళు లేరుగా."

గిట్టనివాళ్ళెవరో చేశారని, నాకేమీ తెలియదని కంపెనీకి రాసి పడేస్తే సరిపోతుందని ఆయన నసిగాడు. ఆమె లేచి ఎప్పట్లాగే గోడకు ఆనుకుంది. కూర్చుని టైపు చెయ్యమంది.

ఈ అమ్మకాలు దొంగవి. చేసింది నా భర్త. అక్కడ ఆయన వేళ్ళు ఆగాయి.

"నా ఉద్యోగం పోతుంది," అన్నాడు మెల్లగా.

"నాది పోయిందిగా. కొట్టండి."

కొట్టాడు. పార్శిళ్ళ సంగతి కొట్టాడు, తిప్పి పంపిన సంగతి కొట్టాడు. సూదుల దగ్గరకు వచ్చేసరికి తల ఎత్తకుండానే, "ఇంతకీ ఏది కరెక్టు?" అని అడిగాడు.

"చదునుది. గుండ్రటిదని చెప్పింది నేనే. మీకు చెప్పడానికి సిగ్గుపడ్డాను."

వారానికి జవాబు వచ్చింది. నిజాయితీకి ధన్యవాదాలట. ఇంట్లో మనిషే చేసిన మోసం కాబట్టి నిబంధన ప్రకారం ఖాతా మూసేస్తున్నారట. సూదుల గుర్తు మాత్రం చాలా ఉపయోగంగా ఉందట, తమ సిబ్బందికి నేర్పుకుంటారట. ఆ నెలాఖరుకు కొరియర్ ఆఫీసు ఆయన్ని ఇంటికి పంపేసింది. ఆ పై సోమవారం ఆమె నడుంపట్టీ బిగించుకుని ఫ్యాక్టరీ గేటు లోపలికి నడిచింది. ఏది జరగకూడదని ఆయన అన్ని అబద్ధాలు కొనిపించాడో, అదే జరిగింది.

మొదటివారం జీతం రాకముందే ఒక మెయిలు వచ్చింది. పంతొమ్మిది మందిలో ఒకావిడ. మీరు చెప్పిన మిషనే కొన్నానక్కా, బాగుంది, సూదులు అయిపోయాయి, మళ్ళీ ఏవి కొనాలో పేరు మర్చిపోయాను అని రాసింది. పని నుంచి వచ్చి గోడకు ఆనుకుని ఆమె అది పైకి చదివింది. అలవాటుకొద్దీ ఆయన గబగబా కుర్చీ లాక్కుని కీబోర్డు ముందు కూర్చున్నాడు.

"లేవండి," అంది.

లేచాడు. ఆమె నడుం పట్టుకుని మెల్లగా కూర్చుంది. చదునువి అన్న ఒక్క మాటను, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, ఒంటివేలితో కొట్టుకుంది. ఆయన వెనకే నిలబడి చూస్తున్నాడు.