మా శాలువా

పెద్ద తుపానుకు కొబ్బరితోటలు పడిపోయాక మా పిల్లలు కూడా పీచు మిల్లుకే వచ్చారు. మిషను కింద దూరి రాలిన పీచు ఏరడానికి చిన్న ఒళ్లే కావాలి. నా కూతురు లక్ష్మీదుర్గను అందులోకి పంపింది మేస్త్రీ బుల్లియ్య. నా బావమరిది, మా కూలీల సంఘానికి పెద్ద.

ఒకరోజు మిషను పిల్ల కుడిచేతి వేళ్లు లాగేసుకుంది.

యజమాని శివరామరాజు గారు తన కారులోనే రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లారు. తల్లి లేని పిల్ల. పక్కన నేనే ఉన్నాను. అక్కడ ఉన్నన్నాళ్లూ కూలి లేదు. చచ్చిపోయిన నా భార్య చెవి కమ్మలు తిండికి అమ్మేశాను.

పిల్లను కారులో తీసుకెళ్లినందుకని బుల్లియ్య చందా ఎత్తి శాలువా కొన్నాడు. మిల్లు ముందు సభ పెట్టి రాజుగారికి కప్పాం. కప్పింది నేనే.

ఆ వారం బట్వాడాలో నాకు సగం కూలే వచ్చింది.

"ఏంటండి ఇది?"

"ఆసుపత్రి ఖర్చు. నెత్తురంటిన కారు సీటు కవర్లు కూడా" అన్నాడు శివరామరాజు. "పిల్లని కూడా పంపు. ఎడంచెయ్యి ఉందిగా, తొందరగా తీరిపోద్ది."

"పనిలో పోయిన వేళ్లండి!"

"ఆడుకుంటూ చెయ్యి పెట్టింది. మీ బుల్లియ్యే సాక్షి సంతకం చేశాడు."

బుల్లియ్య తల దించుకున్నాడు. "కేసైతే మిల్లు మూసేస్తారంట, బావా..."

"మేనమామవిరా నువ్వు!"

కూలి కోసం వెనక నిలబడ్డ మరిడమ్మ ముందుకొచ్చింది. "మా పిల్లోడి కాలు నలిగినప్పుడూ ఇలాగే కూలి కోశారు. సిగ్గేసి చెప్పలేదు."

"మాక్కూడా" అన్నారు ఇంకెవరో. ఎవరికి వాళ్లం మా ఒక్కరికే అనుకున్నాం.

"మోటారు ఆపండర్రా!" అని అరిచింది మరిడమ్మ. మోత ఆగింది. "ఆ కోసిన కూలి ఇచ్చెయ్యండి. పిల్లలు ఇక మిషను కింద దూరరు. మా శాలువా కూడా ఇచ్చెయ్యండి రాజుగారూ!"

"పిచ్చెక్కిందా?"

"పిల్లల చేతులు మింగినోళ్లకి కప్పడానికి కొన్లేదండి."

శాలువా ఆఫీసు గదిలో టీవీ మీద కప్పి ఉంది. నేనూ మరిడమ్మా లాగి తెచ్చేసుకున్నాం.

సాయంత్రం పోలీసు జీపొచ్చింది. దొంగతనం కేసు. నన్నూ మరిడమ్మనూ ఎక్కించారు. వెనకే మిల్లు జనమంతా పిల్లల్ని ఎత్తుకుని స్టేషనుకు నడిచొచ్చారు.

"ఏం పోయింది?" అన్నాడు ఎస్సై, కాగితం తీసి.

మరిడమ్మ లక్ష్మీదుర్గ కట్టుచెయ్యి బల్లమీద పెట్టింది. "ముందు ఈ పోయిన వేళ్లు రాయండి బాబూ. శాలువా తర్వాత."

ఎస్సై కలం కదల్లేదు. మమ్మల్ని లోపల పెట్టారు.

పొద్దున్నే బుల్లియ్య ఇడ్లీ పొట్లం తెచ్చాడు. "క్షమాపణ చెప్పు బావా, వదిలేస్తారు."

పొట్లం ఊచల్లోంచి అతని చేతిలోనే పెట్టేశాను.

"మోటారు తిరుగుతోందా?"

బుల్లియ్య గుమ్మంవైపు చూశాడు. బయట మా వాళ్లు స్టేషను మెట్ల మీదనుంచి లేవలేదు.