చెల్లి బండికి నేను వేసిన అతుకు

మా చెల్లి చేసిన బండికి ఇంజను లేదు, పెడళ్ళు లేవు. మూడు చక్రాలు, మధ్యలో ఒక గుడ్డ సీటు, అంతే. అందులో కూర్చుని పెద్ద గాలిపటం పట్టుకుంటే సముద్రపు ఇసుక మీద గాలే లాక్కుపోతుందట. ఆ ముక్క వరకే నా చెవికెక్కింది. మిగతాదంతా అది రోజూ అన్నం దగ్గర చెబుతూనే ఉండేది, నేను ఊఁ కొడుతూనే ఉండేవాణ్ణి. వెల్డింగ్ షాపు నాది. ఇనుము గురించి నేను దానికి చెప్పాలి గానీ అది నాకు చెప్పడమేంటని నా పొగరు.

నిన్న సాయంత్రం అది బజారుకెళ్ళినప్పుడు షాపులో ఉన్న బండిని ఊపి చూశాను. వెనక ఇరుసు దగ్గర కిర్రుమంది. పైపులో పైపు దూర్చి, అడ్డంగా ఒక పిన్ను గుచ్చి వదిలేసింది. మా పనిలో పిన్ను పెట్టామంటే అతుకు పడేదాకా కదలకుండా ఉండటానికే. చాల్లే సంబడం, ఇలాగే ఎక్కితే నడుం విరగ్గొట్టుకుంటుంది అనుకుని కీళ్ళన్నిటికీ చుట్టూ అతుకు వేసేశాను. గ్రైండింగ్ పట్టి రంగు కూడా పూశాను. చూసి మురిసిపోతుందనుకున్నాను.

ఇవాళ చెల్లి బండిని సరిగ్గా చూసేలోపే, ఆటసామాన్ల కొట్టాయన చిన్న కారేసుకుని షాపుకొచ్చాడు. నచ్చితే బండిని వెంటనే పట్టుకెళ్ళి, అలాంటివే చెల్లి చేత వరసగా చేయించుకుంటానన్నాడు. ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ అది ఆశ పెట్టుకున్నది ఈ ఒక్క బండి మీదే. ఆయన డిక్కీ తెరిచి నిలబడ్డాడు.

"చూడండి, స్పానర్ కూడా అక్కర్లేదు," అంటూ చెల్లి పిన్నులు లాగేసింది. పైపు పట్టుకుని గుంజింది. రాలేదు. కాలు తన్నిపెట్టి మళ్ళీ గుంజింది. అప్పుడు కీలు చుట్టూ వేలితో తడిమి, నా వైపు చూసింది.

సిగ్గుతో చచ్చిపోయాను. విడిపోయి డిక్కీలో పట్టడమే ఆ బండి గొప్పని నాకు అప్పుడు తెలిసింది.

"కోసి, పైపులు మార్చి ఇస్తానండీ. రెండ్రోజులు ఆగండి," అంది చెల్లి ఆయనతో.

"ఇవాళే కావాలమ్మా. ఇంకోచోట ఒకటి చూసి ఉంచాను, అదే తీసుకుంటాను," అన్నాడాయన మర్యాదగానే.

తప్పు నాదండీ అనాలి. అయినదానికీ కానిదానికీ ఇంతెత్తున లేచే నేను, చెల్లి లాగేసిన పిన్నులు ఏరుతూ కూర్చున్నాను. చెల్లి కూడా నా పేరు ఎత్తలేదు. ఆయన ముందే నాలుగు దులిపేసినా బాగుండేది.

ఆయన డిక్కీ మూసి వెళ్ళబోతూ, బండి కీలు మీద చెయ్యి వేశాడు. "అతుకు మాత్రం భలే నున్నగా ఉంది. ఎవరు వేశారు? మా కొట్టుకి గ్రిల్లు చేయించాలి."

"మా అన్నయ్యండీ," అంది చెల్లి. గొంతులో కోపం కూడా లేదు. "బాగా చేస్తాడు. కాకపోతే ఏం కావాలో చెప్పాక, అన్నయ్య చేత ఒకసారి తిరిగి చెప్పించుకోండి."

ఆయన నవ్వి, కొలతలు చెప్పడం మొదలుపెట్టాడు. నేను తలొంచుకుని, చెల్లి వింటూ ఉండగా, ఒక్కొక్కటీ తిరిగి అప్పజెప్పాను.