చమురు ముచ్చట

గ్లాసుల్లో చాయ్ పోస్తుండగా ముందుగదిలోంచి అరబ్బు దేశాల మాట వినిపించి, కళావతి గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మాదన్నపేటలోని ఆ రెండు గదుల ఇంట్లో ప్రతి ఆదివారం యువజన సంఘం మీటింగు జరిగేది. డెబ్బై నాలుగో సంవత్సరం మొదట్లో అందరి నోటా ఒకటే మాట, చమురు. ఎక్కడో యుద్ధం జరిగి ధర నాలుగింతలైంది, మన దగ్గర డాలర్లు లేవు, ఇక బియ్యం నుంచి బస్సు టికెట్టు దాకా అన్నీ పెరుగుతాయని ఆమె భర్త ప్రహ్లాద్ చెబుతుంటే, కరెంటాఫీసు గుమాస్తాలా కాక దేశాన్ని నడిపేవాడిలా వినిపించేవాడు. పెళ్లయిన కొత్తలో ఆ గొంతు వినే ఆమె మురిసిపోయింది.

ఆమెకు ఇరవై ఏళ్లే. హెచ్చెస్సీ పాసైన పిల్ల. మధ్యాహ్నం అంట్లు తోమాక, అత్త ఆగమ్మ కునుకు తీసే వేళ, భర్త చదివి పడేసిన పేపరును మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేది. గాసునూనె దుకాణం ముందు కిరోసిన్ డబ్బా పట్టుకుని గంటల తరబడి నిలబడినప్పుడు చదివినదంతా మనసులో తిప్పుకునేది. తన ఖాళీ డబ్బాకూ, పేరు పలకడం రాని ఆ దూరపు రేవులకూ ఏదో దారి ఉందని తోచినప్పుడు ఒళ్లు జల్లుమనేది. అది చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేడు. ఒకసారి చెప్పబోతే అత్త, "నీకెందుకే గివన్ని, బియ్యం ఏరినవా?" అంది. భర్త విననే లేదు, చొక్కా గుండీ ఊడిందని చూపించాడు.

ఆ ఆదివారం చాయ్ ఇచ్చాక ఆమె లోపలికి పోలేదు. గడప దగ్గర కూర్చుంది. అరబ్బులు మన కడుపు కొట్టారని అందరూ తిడుతున్నారు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా పలికింది.

"ఇప్పుడు ధర పెంచినోళ్లను తిడుతున్నరు. ఇన్నేండ్లు వాళ్ల చమురును అగ్గువ ధరకు తీసుకపోయిన పెద్ద దేశాల సంగతేంది?"

అందరూ గడప వైపు తిరిగి చూశారు. పత్తర్‌గట్టిలో దర్జీ పని చేసే దస్తగీర్, వదినె అడిగింది ఆలోచించాల్సిన ముచ్చటే అన్నాడు. ప్రహ్లాద్ నవ్వాడు.

"మా ఆమె పేపరు సదువుడు షురూ చేసింది. ఇగ రేపటి సంది వంట నేను చెయ్యాలె."

అందరూ నవ్వారు. దస్తగీర్ కూడా. ఆమె ఖాళీ గ్లాసులు ఏరుకుని లేచింది.

మరుసటి వారం మీటింగు దబీర్‌పురాలో దస్తగీర్ ఇంటికి మారింది. ఇక్కడ జాగా చాలడం లేదని ప్రహ్లాద్ తల్లికి చెప్పాడు, కళావతికి చెప్పలేదు. అతను వెళ్లాక ఇల్లు పాడుబడ్డ బావిలా అయింది. ఇన్నాళ్లూ వంటింట్లోంచి చెవి ఒగ్గి విన్న ఆ మాటలు కూడా ఇక లేవు. కళావతి చేట పక్కన పెట్టి, దస్తగీర్ భార్యను చూసొస్తానని అత్తకు చెప్పి, బదులు కోసం ఆగకుండా నడిచింది.

ఆమెను గుమ్మంలో చూసి ప్రహ్లాద్ ముఖం ముడుచుకున్నాడు. నలుగురి ముందూ ఏమీ అనలేక, "మంచిగైంది వచ్చినవ్. లోపల భాభీకి చాయ్ కాడ సాయం జెయ్" అని పరదా వైపు చెయ్యి చూపించాడు. ఎంత దూరం నడిచినా తాను చేరేది వంటింటికేనా అని కళావతికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పరదా వెనక దస్తగీర్ భార్య సుగ్రా గోడకు ఆనుకుని వింటోంది. కళావతిని చూసి, తప్పు చేసినదానిలా స్టవ్వు దగ్గరికి జరిగింది. తర్వాత అక్కను అడిగినట్టు మెల్లగా అడిగింది.

"ఆపా, పోయిన వారం నువ్వేందో అడిగినవంట. మా ఆయన చెప్పిండు. జవాబెవరిచ్చిన్రు?"

"ఎవరియ్యలే."

"మరి నువ్వే చెప్పు."

కళావతి స్టవ్వు ఆర్పేసి, ఆమె పక్కన చాప మీద కూర్చుంది. బయటి నుంచి ప్రహ్లాద్ పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఆమె చెబుతూనే ఉంది.