వర్నెల్ సత్ప్రవర్తనకు ఒక అభ్యంతరం

కోర్టు కాగితాలు మనుషుల చేతికి అందించే పనికి ఓక్లహోమాలో లైసెన్సు కావాలి. దానికి ఏమేం కావాలో వర్నెల్ టబ్స్‌కి కంఠతా వచ్చు. పద్దెనిమిదేళ్లు నిండాలి, ఆవిడకవి నిండి నలభై ఏళ్లయింది. స్థానికంగా కాపురం ఉండాలి, ఆవిడ ఊరు దాటిందే పంటి డాక్టరు కోసం. జైలుకెళ్లి ఉండకూడదు, పూచీకత్తు చూపించాలి. అన్నీ అయ్యాయి. ఇక మిగిలింది సత్ప్రవర్తన. అది తేలడానికి పేరు రాసి కోర్టు గోడకి అంటిస్తారు. అభ్యంతరమున్న వాళ్లు జడ్జిగారి ముందుకొచ్చి చెప్పుకోవచ్చు.

ఆవిడకి ఈ లైసెన్సు మీద ఆశ ఎంతంటే, రోజూ కోర్టుకి వెళ్లి గోడ మీద తన పేరు చూసుకుని వచ్చేది. బడి వంటశాలలో గరిటె పట్టి పిల్లలకి వడ్డించిన చెయ్యి అది. పెళ్లయ్యాక కూడా పిల్లలంతా ఆవిడని మిస్ వర్నెల్ అనే పిలిచేవారు. మొన్నటి వేసవిలో బడివాళ్లు వంటశాలకి తాళం వేసి, పట్నం నుంచి పొట్లాలు తెప్పించడం మొదలుపెట్టారు. అప్పట్నుంచీ ఇంట్లో కూర్చుంటే ఆవిడకి పిచ్చెక్కుతోంది. లైసెన్సు రాకపోతే ఆడపడుచు నడిపే దుకాణంలో కుక్కలకి స్నానాలు చేయించాలి. ఆ ఆడపడుచుతో రోజంతా గడపడం కన్నా ఆ కుక్కలతో కాపురం చెయ్యడం నయం.

అంతా సవ్యంగా ఉందనుకుంటున్న సమయంలో ఒకడు అభ్యంతరం పెట్టాడు.

"ఎవడే వాడు?" అంది జూనెటా, కోర్టు మెట్ల మీద. జూనెటాది జుట్టు కత్తిరించే పార్లరు. వర్నెల్‌కి చిన్ననాటి స్నేహితురాలు.

"డెల్మర్ హాగ్."

"మన డెల్మరా! వాడు కలుగులోంచి బయటికొస్తాడా?"

జూనెటా ఆశ్చర్యానికి కారణం ఉంది. డెల్మర్‌కి ఒక ఈమూ పక్షి ఉంది. మనిషెత్తు ఉంటుంది, పేరు గవర్నర్. అది ఒకరోజు పార్లరులో దూరి, అద్దంలో తన మొహం చూసుకుని మురిసిపోయింది. ఆనాటి నుంచి రోజూ వస్తుంది. తలుపు వేస్తే ముక్కుతో కొడుతుంది. సగం జుట్టుకి రింగులు చుట్టించుకున్న పాస్టరుగారి భార్య దాన్ని చూసి అలాగే వీధిలోకి పరిగెత్తింది. పక్షిని కట్టేయించమని జూనెటా దావా వేసింది. అయితే కోర్టు కాగితం డెల్మర్ చేతికి అందితే గాని దావా కదలదు. కాగితం ఇవ్వడానికి షెరీఫ్‌గారి డిప్యూటీ ఎన్నిసార్లు వెళ్లినా డెల్మర్ దొరకలేదు. ఒకసారి మాంసం పెట్టే ఫ్రీజరులో దాక్కున్నాడు. ఇంకోసారి పెళ్లాం గౌను తొడుక్కుని కోళ్లకి గింజలు చల్లుతుంటే, డిప్యూటీ టోపీ తీసి, "మీవారు లేరాండీ?" అని అడిగి వెళ్లిపోయాడు.

జూనెటా ఆ కాగితం తెచ్చి వర్నెల్ చేతిసంచిలో కుక్కింది. "లైసెన్సొస్తే మొదటి బేరం నాదే. డిప్యూటీ ఇవాళ చేపలకి పోయాడు. అది కనుక్కునే వచ్చుంటాడు ఆ డెల్మర్ వెధవ."

"ముందు రానియ్యవే తల్లీ," అంది వర్నెల్.

లోపల జడ్జి అంబ్రోస్‌గారు కళ్లజోడు పైకి తోసుకుని, "ఏమయ్యా డెల్మర్, ఈవిడ సత్ప్రవర్తన మీద నీకేంటి అనుమానం?" అన్నారు.

డెల్మర్ లేచాడు. నలభై దాటిన మనిషి, గడ్డంలో గడ్డిపరక కూడా ఉంది. "జడ్జిగారూ, ఈవిడ మంచిది కాదండీ. నేను మూడో తరగతిలో ఉండగా బెండకాయ కూర వదిలేశానండీ. ఉడకబెట్టిన బెండకాయ, జిగట. ఎవరు తింటారండీ?"

"నేను తింటాను. చెప్పు."

"కంచం పట్టుకుని నా వెంటపడింది. మరుగుదొడ్లో దాక్కున్నాను, వచ్చింది. బస్సు కింద దూరాను, వంగి చూసింది. మొక్కజొన్న చేలో పడి పారిపోతే, అక్కడికీ వచ్చింది! తినేదాకా వదల్లేదు. ఎండలో, వానలో, ఎక్కడ దాక్కున్నా వాసన పట్టేస్తుందండీ. కేకేసిందంటే క్యూలో మా చేతులు వాటంతటవే లేచేవి. ఇలాంటి మనిషికి లైసెన్సు ఇస్తే నాలాంటోడికి దాక్కోడానికి చోటేదండీ?"

వర్నెల్ మొహం కందగడ్డలా అయింది. నిజమే, వెంటపడింది. ఇంత మంది ముందు అది దుర్మార్గంలాగే వినబడుతోంది. కుక్కల సబ్బు వాసన ఆవిడ ముక్కుకి అప్పుడే తగిలినట్టయింది.

జడ్జిగారు ఆవిడ వైపు తిరిగారు. "నిజమేనా, మిస్ వర్నెల్?"

అబద్ధమాడితే గట్టెక్కవచ్చు. ఆవిడకి అది చేతకాదు. "నిజమేనండీ. వాడిదే కాదు, ఎవడు వదిలేసినా అంతే. అమ్మలు పంపింది ఆకలితో తిరిగి రావడానికి కాదుగా. చేలో వాడు దొరికేసరికి చీకటి పడింది. ఒక్కణ్నీ వదిలెయ్యలేదండీ, అదే నా తప్పయితే తప్పే."

జడ్జిగారు చట్టం పుస్తకం తిరగేసి, డెల్మర్ వైపు చూశారు. "చూడు నాయనా. దాక్కున్నవాణ్ని వెతికి పట్టుకుంటుంది. అడిగితే అబద్ధమాడదు. పట్టుకున్నవాణ్ని పనయ్యేదాకా వదలదు. నేనీ కుర్చీలో కూర్చున్న నాటి నుంచీ ఈ ఉద్యోగానికి ఇంత మంచి సిఫారసు ఎవడూ ఇవ్వలేదు." ఠప్పున ముద్ర వేశారు. "లైసెన్సు మంజూరు."

వెనక బెంచీలో జూనెటా చప్పట్లు కొట్టింది. వర్నెల్‌కి ఏడుపొచ్చింది, కానీ ఏడవడానికి తీరిక లేదు. డెల్మర్‌కి ముద్ర చప్పుడుతోనే విషయం బోధపడింది. తలుపు వైపు దూకాడు. బూటు జారింది, లేచాడు, తలుపు పిడి మీద చెయ్యి వేశాడు.

"డెల్మర్! లైను తప్పకు! చేతులు చాపు!"

కోర్టు కిటికీలు గల్లుమన్నాయి. జడ్జిగారు సైతం బల్ల మీద చేతులు చాపారు, ఆయనా ఆ బడిలోనే చదివారు మరి. డెల్మర్ మొహం తలుపు వైపే ఉంది. ఒళ్లు మాత్రం ఇటు తిరిగింది, రెండు చేతులూ పళ్లెం పట్టినట్టు లేచాయి.

వర్నెల్ సంచిలోంచి కాగితం తీసి, మడత సాపు చేసి, ఆ చేతుల్లో వడ్డించింది.

"చాలా నాన్నా?"

"చాలు, థాంక్యూ మిస్ వర్నెల్," అన్నాడు డెల్మర్. అన్నాక గాని తను పట్టుకున్నదేమిటో చూసుకోలేదు.