చప్పుడు లేని ప్రశ్న

పాలు పోసే ఆడవాళ్లు పొద్దున్నుంచి పాల సంఘం ఆఫీసు వరండాలో పడిగాపులు కాస్తున్నారు. లోపల సుజాతమ్మ గోడకు ఆనుకొని నిలబడి ఉంది. ఆమె మీద అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన కార్యదర్శి ఆదినారాయణప్ప ఇప్పుడు నీళ్లు తాగుతున్నాడు. కంప్యూటర్‌లో ఉన్న పాల లెక్కలన్నీ నిన్న ఆమె చేతి మీదుగా తుడిచిపెట్టుకుపోయాయి.

చిక్కబళ్ళాపురం నుంచి మొదటి బస్సుకు వచ్చిన గంగాధరప్ప ఆ కంప్యూటర్ మిషన్ ముందు కూర్చొని ఏదో వెతుకుతున్నట్టు నటిస్తున్నాడు. వెతకడానికి ఏమీ మిగల్లేదని అతనికి వచ్చిన కాసేపటికే తెలిసిపోయింది. ఈ బాగేపల్లి ఆఫీసులో ఆ మిషన్ పెట్టింది అతనే. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మొండికేసేది. అప్పుడు ఫ్లాపీలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, మిషన్‌ను నడిపించే డాస్‌ను మళ్లీ ఎక్కించాలి. ప్రతిసారీ బస్సెక్కి రాలేక, ఆ పని ఎవరికైనా నేర్పి చేతులు దులుపుకుందామనుకున్నాడు. గుమాస్తాలు ముట్టుకుంటే షాక్ కొడుతుందన్నట్టు దూరం జరిగారు. ముందుకొచ్చింది సుజాతమ్మ ఒక్కతే. ఆమెకు పుట్టుకతో చూపు లేదు. బెంగళూరులో టైపు నేర్చుకొని వచ్చి ఆ ఆఫీసులో చేరింది.

తెర మీద మిషన్ ఏమడుగుతుందో ఆమెకు తెలియదు కదా, అందుకని ఒక వరస బట్టీ పట్టించాడు. ఫ్లాపీ గరగర ఆగితే ఈ మీట, మళ్లీ ఆగితే ఆ మీట. అలాగే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చింది పాపం.

నిన్న ఒక ఫ్లాపీ చెడిపోయి మిషన్ మధ్యలోనే ఆగింది. ఏం చెయ్యమంటారని తెర మీద ఒక ప్రశ్న ఎక్కువ వేసింది. గరగర ఆగింది కాబట్టి పని అయిందనుకొని ఆమె తర్వాతి మీట నొక్కింది. అక్కడితో వరస ఒక అడుగు తప్పింది. చివరికి, లోపలున్నదంతా చెరిపెయ్యనా అని అడిగినచోట సరేననే మీట నొక్కేసింది.

"గుడ్డిదానికి ఈ పని ఇయ్యొద్దని అప్పుడే చెప్తి," అన్నాడు ఆదినారాయణప్ప. "ఇంకొంచేపట్లో సంఘం డైరెక్టర్లు వస్తాండారు. తప్పంతా నాదేనని వాళ్ల ముందర ఒప్పుకోమ్మా. పని విడిసి పోతానని చెప్పు. మర్యాదగా పంపిస్తాము."

గంగాధరప్ప తల ఎత్తలేదు. పని నేర్పిన మొదటి వారమే ఆమె అతన్ని అడిగింది.

"అప్పా, ఇది అడిగేటప్పుడు కూత పెట్టేట్ల చెయ్యలేవా? ఫ్లాపీ మార్చల్లంటే ఒక తీరు, తప్పు జరిగితే ఇంకో తీరు. అప్పుడు నాకూ తెలుస్తాది గదా."

చెయ్యొచ్చు. ఆ పెట్టెలో బీప్‌మనే స్పీకర్ ఉండనే ఉంది. ఒక పూట కూర్చొని రాస్తే అయిపోయే పని. "వచ్చేసారి చూస్తాలేమ్మా," అన్నాడు. వచ్చిన ప్రతిసారీ బస్సుకు టైమైందన్నాడు. అంతటితో ఊరుకున్నాడా? కంప్యూటర్ కోడి మాదిరి కూయాలంట అని ఊళ్లో స్నేహితులకు చెప్పి నవ్వించాడు. ఆ నవ్వులు ఇప్పుడు గుర్తొచ్చాయి. నిజం చెబితే ఈ సంఘం పని పోతుంది, దీన్ని చూసి ఇంకెవరూ పిలవరు. చెప్పకపోతే ఆమె పోతుంది.

పరగోడు నుంచి వచ్చిన అక్కమ్మ వాకిట్లోంచి తొంగిచూసింది. "ఏమప్పా, మా పాల దుడ్డు ఈ పొద్దు ఇస్తారా లేదా?"

"ఈయమ్మను అడుగు," అన్నాడు ఆదినారాయణప్ప. "మీ లెక్కలన్నీ పోగొట్టి నిలబడుకోనుండాది."

అక్కమ్మ సుజాతమ్మ వైపు తిరిగింది. "అవునా పాపా?"

సుజాతమ్మ గోడ వదిలి ముందుకు వచ్చింది. "మీట నొక్కింది నేనే అక్కా. అది కాదనను. తప్పు నాదేనని మాత్రం చెప్పను."

"ఏమంటివి?" ఆదినారాయణప్ప గ్లాసు ఠపీమని పెట్టాడు.

"చెప్పనప్పా. ఆ మిషన్ నన్ను అడిగిందంటాండారు. నాకు ఇనపడేట్ల అడిగిందా? అట్ల చెయ్యమని నేను అడిగితినా లేదా, ఆయప్ప యాడ కూసోనుండాడో ఆయప్పనే అడగండి."

అందరి చూపులూ గంగాధరప్ప మీదికి తిరిగాయి. బయట జీపు ఆగింది. డైరెక్టర్లు దిగుతూ మాట్లాడుకోవడం వినిపిస్తోంది. గంగాధరప్ప లేచి నిలబడ్డాడు, నోరు తెరిచాడు. ఏ మాట వస్తుందోనని సుజాతమ్మ అతని వైపు చెవి ఒగ్గి వింటూనే ఉంది.